ముత్యాలరావు తాత అంబాసిడర్‌కి ప్లగ్గులు

నిజాంపట్నంలో ముత్యాలరావు తాత ఎక్కడ కూర్చుని లేచాడో కనిపెట్టడానికి పోలీసు కుక్క అక్కర్లేదు. కూర్చున్న చోట గ్రీజు ఉంటుంది. అరుగు మీద ఉంటుంది, మంచం పట్టె మీద ఉంటుంది, టీ గ్లాసు మీద ఉంటుంది. ఆఖరికి ఓటరు కార్డు మీద తన ఫొటోకే నల్లగా బొటనవేలి ముద్ర వేసుకున్నాడు మహానుభావుడు. పెళ్లయిన కొత్తలో పుల్లమ్మ మామ్మ జాకెట్ల మీద కూడా ఉండేదని ఊళ్లో ఆడవాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. మామ్మ మాత్రం నవ్వదు.

అది మామూలు గ్రీజు కూడా కాదు. డబ్బాలో గ్రీజు తీసుకుని, దాంట్లో వేపనూనె పోసి, పుల్లతో పావుగంట కలుపుతాడు. గ్రీజు ఉప్పుగాలికి, వేపనూనె ఎలుకలకి. ఆ వాసన వస్తే వీధి చివరి నుంచే పిల్లలు "తాతొస్తన్నాడ్రోయ్" అని అరుస్తారు. నలభై ఏళ్లు రేవులో డీజిలు పడవల ఇంజన్లు బాగుచేశాడు తాత. పని అయ్యాక, పసిబిడ్డకి ఒంటికి నూనె పట్టించినట్టు, ఇంజను మొత్తానికి ఆ గ్రీజు పట్టించేవాడు. నట్టుకి, బోల్టుకి, మూతకి, మూత లోపలికి, వేలు దూరిన ప్రతి సందుకి. సముద్రం మీదికి వెళ్లే ఇనుముకి అంతకు మించిన తాయెత్తు లేదు. డీజిలు ఇంజనుకి నిప్పురవ్వతో పని లేదు కాబట్టి ఎక్కడ ఎంత రాసినా నష్టం లేదు.

అయితే తాతకి పడవలతో పాటు ఒక కారు కూడా ఉంది. ఎనభై మూడో సంవత్సరపు అంబాసిడర్. పెట్రోలు బండి, మీగడ రంగు. తెనాలిలో ఒక బియ్యం మిల్లు వాళ్ల దగ్గర కొని, పదిహేడేళ్లు రేపల్లెకి, బాపట్లకి, తెనాలికి బాడుగకి తిప్పాడు. నొప్పులొచ్చిన ఆడవాళ్లని రాత్రీ పగలూ అనకుండా రేపల్లె ఆసుపత్రికి చేర్చింది ఆ బండే. ముగ్గురు పిల్లలు వెనక సీట్లోనే పుట్టారు. "ఇంకో రెండు కిలోమీటర్లు ఓర్చుకోలేకపోయారు వెధవలు, సీటు పాడుచేశారు" అని తాత వాళ్ల మీద ఈనాటికీ నింద వేస్తాడు. వాళ్లకిప్పుడు పెళ్లిళ్లయి పిల్లలున్నారు.

ఆటోలు పెరిగాక బాడుగలు పోయాయి. కారు కొట్టంలోకి చేరింది. రెండేళ్ల కిందట పడవల పని కూడా పోయింది. ఒక పడవ ఇంజనుకి తాత బోల్టు బిగించడం మరిచిపోయాడు. అది నడిసముద్రంలో ఆగిపోయి, ఇంకో పడవ వెనక తాడు కట్టుకుని ఒడ్డుకొచ్చింది. తాతని ఎవరూ ఒక్క మాట అనలేదు. అందరూ మస్తాన్‌ని పిలవడం మొదలుపెట్టారు, అంతే. మస్తాన్ తాత దగ్గర పని నేర్చుకున్నవాడే. రేవులో తాత ఎదురైతే అందరూ "బాగున్నావా మావా" అంటారు. ఇంజను గురించి మాత్రం అడగరు.

అందుకే కొట్టంలో కారు మీద అంత ప్రాణం తాతకి. ఆయన మాట వినే ఇంజను లోకంలో అదొక్కటే మిగిలింది.

ఆ కొట్టం మీద కొడుకు శివకృష్ణకి కన్నుంది. అతను ఐసు వ్యాపారం చేస్తాడు. వేట నిషేధం ఇంకో వారంలో ముగుస్తుంది, పడవలన్నీ ఒక్కసారి సముద్రం మీదికి వెళతాయి, ఐసు పెట్టెలు పెట్టుకోవడానికి చోటు లేదు. సరిగ్గా అప్పుడే కారు రిజిస్ట్రేషన్ గడువు కూడా దగ్గరపడింది. అయిదేళ్లకోసారి బండిని బాపట్ల రవాణా ఆఫీసుకి తీసుకెళ్లి, నడిపి చూపించి, బాగుందనిపించుకుని రావాలి. శివకృష్ణే ఫోన్లో స్లాటు తీశాడు. సోమవారం పదకొండు గంటలకి.

"ఇదిగో నాన్నా, ఒకటే మాట. సోమవారం బాపట్లలో బండి పరీక్షకి నిలబడిందా, అయిదేళ్లు కొట్టం జోలికి రాను. నిలబడలేదా, తెనాలి పాత ఇనుం కొట్టుకి తోలేస్తా. మళ్లీ అలగబాకు."

"నిలబడుద్దిరా."

"నిలబడుద్దని నువ్వంటావు. అది దగ్గుతా ఉంది."

దగ్గుతున్న మాట నిజమే. తాళం తిప్పితే లేచేది, రెండు నిమిషాలు బాగానే కూనిరాగం తీసేది, వేడెక్కగానే ఉక్కిరిబిక్కిరై ఆగిపోయేది.

"బండికీ నీకూ ఒకటే జబ్బు. పొద్దున లేవగానే హుషారు, టిఫిన్ తినగానే నిద్ర" అంది మామ్మ చేపలు తోముతూ.

గురువారం పొద్దున్నే తాత, ఇంజనులో పెట్రోలుకి నిప్పంటించే నాలుగు ప్లగ్గులూ విప్పాడు. వాటిని ఏ సిలిండరు గదివి ఆ వరసలో, మామ్మ పాత చీర ముక్కలో విడివిడిగా ముడులు వేసి మూటగట్టాడు. బస్సెక్కి రేపల్లెలో దిగి, విడిభాగాల షాపులో ఆ మూట విప్పితే కౌంటరు వెనకాయన బంగారమేమో అనుకున్నాడు.

"ఏ బండి బాబాయ్?"

"అంబాసిడరండి. ఎనభై మూడు."

ఆయన ఫోన్లో వెతికాడు. పైకి జరిపాడు, కిందికి జరిపాడు. "చూపించట్లేదు బాబాయ్."

"దాంట్లో చూపించకపోతే ఏంటి, మా కొట్టంలో చూపిస్తా రండి."

ఆయన నవ్వి, అల్మారా తెరిచి ఏదో ప్లగ్గు తెచ్చి పెట్టాడు. తాత దాన్ని తన పాత ప్లగ్గు పక్కన నిలబెట్టి కళ్లు చికిలించాడు.

"దీని మర పొట్టిదండి."

"మర పొట్టిదైతే ఏంటి? లావు ఒకటేగా, బిగుసుకుంటుంది. లోపల ఎవరు చూడొచ్చారు?"

"ఇంజను చూసుద్దండి."

తాత చెప్పింది తేలిక మాటే. ప్లగ్గు మర సరిపడినంత పొడుగుంటేనే దాని మూతి పెట్రోలు మండే గదిలోకి వస్తుంది. పొట్టిదైతే మూతి బొక్కలోనే ఉండిపోతుంది. నిప్పు పడినా చాటున పడుతుంది. ఖాళీగా మిగిలిన మరల్లో మసి గట్టిపడి, రేపు అసలైన ప్లగ్గు తెచ్చినా ఎక్కదు. షాపాయన ఓపిగ్గా విని, "తెనాలిలో పాత వాళ్లెవరన్నా ఉంటే చూసుకో బాబాయ్" అని మూట తనే కట్టి ఇచ్చాడు.

తెనాలిలో పాత వాళ్లంటే కోటయ్యే. రైలు దిగి, కాలవ దాటి, సందులోకి తిరిగితే ఆయన కొట్టు. ముందు సగం ఫోను కవర్లు అమ్మేవాళ్లకి ఇచ్చేసి, వెనక సగంలో చీకట్లో కూర్చుని ఉన్నాడు, చేతిలో భూతద్దం పెట్టుకుని. తాత బండికి పదిహేడేళ్లు సామాను ఇచ్చింది ఆయనే.

"ఇంకా ఉన్నావా ముత్యాలూ?"

"నువ్వు ముందెళ్తే సాగనంపి వెళ్దామని ఆగా బావా."

"అయితే చాలాకాలం ఆగాలి. కూర్చో."

మూట విప్పి నాలుగు ప్లగ్గులూ బల్ల మీద పరిచాక కోటయ్య మొహం మారిపోయింది. చెయ్యి చూసి జాతకం చెప్పేవాడిలా ఒక్కొక్కదాన్నీ తిప్పి తిప్పి చూశాడు.

"ఒకటీ రెండూ బిస్కెట్టు రంగు. భేష్. మూడోది పొడి మసి. అంటే నిప్పు చాలట్లేదు. పాయింట్లు అరిగుంటాయి, కండెన్సరు కూడా పోయుంటుంది. నాలుగోది..." వేలితో రాసి చూపించాడు. జిడ్డుగా మెరిసింది. "నాలుగోది నూనె తాగతంది."

"ఇంటికొకడు ఉంటాడు కదా బావా."

"ఉంటాడు. ఇంజను విప్పి రింగులు మార్చాలి."

"సోమవారానికి అయ్యే పని చెప్పు."

కోటయ్య నిచ్చెన మీంచి రెండు రకాల పెట్టెలు దించాడు. ఒకటి మామూలు ప్లగ్గు, ఇంకొకటి వేడి ప్లగ్గు. వేడి ప్లగ్గు లోపలి పింగాణీ ముక్కు పొడుగ్గా ఉంటుంది. ఆ ముక్కు ఎప్పుడూ కాగుతూ ఉంటుంది కాబట్టి దాని మీద పడిన నూనె పడినట్టే మాడిపోతుంది. కానీ నూనె రాని గదిలో దాన్ని పెడితే, ఎండలో గంటల తరబడి తోలితే, అతివేడి చేసి ఇంజనుని తినేస్తుంది.

"నాలుగూ మామూలువే తీసుకో. నలుగురు అన్నదమ్ములకీ ఒకటే కూర వండాలి" అన్నాడు కోటయ్య.

"జరమొచ్చినోడికి జావ కాయరా బావా? మూడు మామూలువి ఇయ్యి. నాలుగోదానికి ఒక్కటి వేడిది."

కోటయ్య భూతద్దం దించి తాత మొహంలోకి చూశాడు. కాసేపు మెడ గోక్కున్నాడు. "అదే సరైంది. నాకు తట్టలేదు" అన్నాడు. ఆ మాట తాత రైల్లో మళ్లీ మళ్లీ తలుచుకున్నాడు.

తర్వాత కోటయ్య నూనె కాగితంలో చుట్టిన చిన్న పొట్లం తీశాడు. అందులో పాయింట్లు ఉన్నాయి. రెండు చిన్న ఇనుప బొడిపెలు, ఒకదానికొకటి తగులుతూ విడిపోతూ ఉంటాయి, విడిపోయిన ప్రతిసారీ ప్లగ్గులో నిప్పు పడుతుంది. పక్కన చిటికెనవేలంత కండెన్సరు. పాయింట్లు విడిపోయేటప్పుడు అక్కడే నిప్పు రేగి అవి మాడిపోకుండా చూసేది అది. ఇంకా రోటరు, ఏ ప్లగ్గు వంతు వస్తే దానికి కరెంటు వడ్డించేది.

"ఇది ఆఖరి సెట్టు. ముప్పయ్యేళ్ల నాటి సరుకు. ఇక దేవుడే దిగొచ్చి అడిగినా నా దగ్గర లేదు."

కండెన్సరుని బ్యాటరీకి ఒకసారి తాకించి, తీగ చివరని దాని ఒంటికి ఆనిస్తే టిక్కుమని సన్నని మెరుపు వచ్చింది. ఇద్దరు ముసలివాళ్లూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని నవ్వుకున్నారు.

ఆదివారం కొట్టం ముందు ఊరంతా చేరింది. వేట లేదు కదా, ఎవరికీ పని లేదు. వలలు కుట్టుకునేవాళ్లు వలలతో సహా వచ్చి కూర్చున్నారు. సందు కొలిచే రేకులు ఎక్కడో పోయాయి కాబట్టి తాత గడ్డం గీసుకునే బ్లేళ్లు అడిగాడు. ఆరు బ్లేళ్లు కలిపితే ప్లగ్గు మూతి దగ్గర ఉండాల్సిన సందు, నాలుగు కలిపితే పాయింట్ల సందు. అది తాత సొంత లెక్క, ఎప్పుడూ తప్పలేదు.

"ఉన్న గడ్డం గీసుకోవడానికి బ్లేడు లేదు గానీ, ఇనుముకి గడ్డం గీత్తన్నాడు" అంది మామ్మ. అంటూనే నాలుగిళ్లు తిరిగి పది బ్లేళ్లు పోగేసుకొచ్చింది.

మధ్యాహ్నం మూడింటికి తాత తాళం తిప్పాడు. రెండో తిప్పుకి ఇంజను లేచింది. రెండు నిమిషాలైంది, అయిదైంది, పావుగంటైంది. ఇంజను కాగింది, పైన పెట్టిన నీళ్ల గ్లాసులో నీళ్లు మాత్రం కాస్తే వణికాయి. దగ్గు లేదు.

"మావా, దీన్ని పీకి నా పడవకి కట్టెయ్యి" అని ఎవరో అరిచారు. ఈలలు వేశారు. మస్తాన్ గుంపులోంచి ముందుకొచ్చి, బానెట్టు మీద చెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని విన్నాడు.

"ఎక్కడా వంక లేదు మావా" అన్నాడు అందరికీ వినపడేలా.

తాత తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, మొహానికి గ్రీజు అంటుకుంది. శివకృష్ణ కూడా ఊరుకోలేక ముందు సీట్లో ఎక్కి కూర్చుని, "ఐసు పెట్టెలకి ఇంకో చోటు చూసుకోవాలైతే" అన్నాడు.

ఊరివాళ్లంతా వెళ్లిపోయాక, శివకృష్ణ ముందు సీట్లోనే కూర్చుని కాగితాలు చూసుకుంటుంటే, తాత బండి సర్దడానికి కూర్చున్నాడు. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు మూత ఇంకోసారి తీసి, లోపల కొత్త పాయింట్లని కళ్లారా చూసుకున్నాడు. తర్వాత పని అయ్యాక ఎప్పుడూ చేసేదే చేశాడు. చేతులు వాటి దారిన అవి పోతున్నాయి, మనసు బాపట్ల రోడ్డు మీద ఉంది. ఆ అయిదేళ్లలో బండికి ఏ రంగు వేయించాలా అని ఆలోచిస్తున్నాడు. మామ్మ అన్నానికి పిలిస్తే మూత పెట్టేసి, డబ్బా గూట్లో పెట్టి, చేతులు కడుక్కున్నాడు.

సోమవారం ఎనిమిదింటికి మామ్మ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. తాత ఉతికిన చొక్కా వేసుకుని తోలుతుంటే, శివకృష్ణ పక్కన కాగితాల కవరు పట్టుకుని కూర్చున్నాడు. అడవులదీవి దాటేదాకా ఇంజను పాట పాడినట్టే నడిచింది. దారిలో ఎవరు చెయ్యెత్తినా తాత హారను కొట్టి పలకరించాడు.

కర్లపాలెం ఇంకా కొంత దూరం ఉందనగా ఒక్క దగ్గు దగ్గింది. తాత విననట్టు ఊరుకున్నాడు. ఇంకో దగ్గు. తర్వాత వరసగా నాలుగు. బండి రోడ్డు పక్కకి ఒరిగి, వరిచేను గట్టు మీద ఆగిపోయింది. టైము తొమ్మిదిన్నర.

తాత దిగి బానెట్టు ఎత్తి, డిస్ట్రిబ్యూటరు మూత తీశాడు. లోపల అంతా నల్లగా, తడిగా ఉంది. పాయింట్ల బొడిపెలు మాడి బొగ్గయ్యాయి.

శివకృష్ణ తొంగి చూశాడు. "కాలిపోయినయ్యి! కొత్తవి ఒక్కరోజుకే కాలిపోయినయ్యి నాన్నా! ముప్పయ్యేళ్ల చెత్త అంటగట్టాడు మీ బావ."

తాత నోరు మెదపకముందే అతను కోటయ్యకి ఫోను కలిపాడు. స్పీకరు పెట్టి మరీ దులిపేశాడు. "పెద్దోడివని నమ్మి వచ్చాడు మా నాన్న. నడిరోడ్డు మీద నిలబెట్టావు. ఇవాళ స్లాటు పోతే ఆ బండి ఇనుం కొట్టుకే. ఎవరిది పాపం?"

అవతల కోటయ్య గొంతు సన్నగా వినిపించింది. "శివా, నేను చేత్తో తడిమి చూసే ఇచ్చానయ్యా..."

తాత వేలు లోపల పెట్టి తుడిచి, అలవాటుగా ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కాలిన వాసన. దాని అడుగున వేపనూనె వాసన.

మధ్యలో తిరిగే ఇరుసుకి మినపగింజంత గ్రీజు పెట్టాలి, అది నియమమే. అక్కడ మినపగింజంత కాదు, నిమ్మకాయంత ఉంది. మూత లోపల కూడా పూత ఉంది, పడవ ఇంజనుకి రాసినట్టే. చల్లగా ఉన్నంతసేపు కదలకుండా ఉండి, ఇంజను కాగగానే కరిగి, పాయింట్ల మీదికి చింది, అక్కడి నిప్పుకి మాడిపోయింది. బాడుగ తిప్పిన పదిహేడేళ్లలో తాత ఒక్కసారి కూడా ఆ పని చెయ్యలేదు. పడవ దగ్గర పడవ చెయ్యి, కారు దగ్గర కారు చెయ్యి, రెండూ వేరువేరుగా ఉండేవి ఆయనకి. రెండూ ఎప్పుడు కలిసిపోయాయో తెలియలేదు. నిన్న సాయంత్రం గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. మూత తీయడం గుర్తుంది. మామ్మ అన్నానికి పిలవడం గుర్తుంది. మధ్యలో ఏమీ లేదు.

వేలు చొక్కాకి తుడుచుకుని ఊరుకుంటే సరిపోయేది. శివకృష్ణకి ఆ వాసన తగల్లేదు.

ఫోన్లో కోటయ్య అంటున్నాడు, "ఏమోనయ్యా, పాత సరుకు కదా, కళ్లు కూడా సరిగా ఆనట్లా. నా పొరపాటే అయితే నాన్నతో చెప్పు, నేను..."

"ఫోను ఇట్టా తే" అన్నాడు తాత.

"నువ్వుండు నాన్నా, ఇట్టాంటోళ్లని..."

"తెమ్మన్నానా!"

ఫోను లాక్కుని నోటి దగ్గర పెట్టుకున్నాడు. "బావా, నీ సరుకు బంగారం. నేనే గ్రీజు రాశా."

కోటయ్య అవతల నుంచి అడిగాడు.

"పాయింట్ల దగ్గరా?"

"ఆఁ."

"ఎందుకు రాశావు ముత్యాలూ?"

"తెలీదు బావా. రాసినట్టు గుర్తు లేదు."

శివకృష్ణ కాగితాల కవరు బండి మీద పెట్టి, తండ్రి వైపు చూడకుండా చేను వైపు తిరిగి నిలబడ్డాడు. కోటయ్య మాత్రం ఏమీ జరగనట్టు పని చెప్పాడు. పెట్రోలు గుడ్డతో అంతా తుడవమన్నాడు, అగ్గిపెట్టె గరుకు అంచుతో బొగ్గు గీకెయ్యమన్నాడు, మళ్లీ సందు పెట్టమన్నాడు. తాతకి తెలియనిది అందులో ఒక్కటీ లేదు. అయినా చిన్నపిల్లాడిలా ప్రతి మాటకీ "ఆఁ, ఆఁ" అన్నాడు.

తుడవడం, గీకడం అయ్యాయి. జేబులోంచి నాలుగు బ్లేళ్లు తీసి సందులో పెట్టి మరమేకు బిగించబోయాడు. మరమేకు జారి దుమ్ములో పడింది. ఎర్రటి ఎండలో ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చుని వెతికారు. దొరికింది. మళ్లీ పడింది. మళ్లీ వెతికారు. మూడోసారి శివకృష్ణ తండ్రి చేతిలోంచి స్క్రూడ్రైవరు తీసుకున్నాడు.

"నువ్వు చెప్పు నాన్నా. నేను తిప్పుతా."

పుట్టి బుద్ధెరిగాక శివకృష్ణ ఇంజను ముట్టుకున్నది అదే మొదలు. తాత చెప్తుంటే, తప్పు తిప్పి, విప్పి, మళ్లీ తిప్పి, బండి లేచేసరికి పన్నెండున్నర దాటింది.

బాపట్లలో ఒంటిగంటన్నర. పరీక్ష చేసే స్థలం దగ్గర ఒకాయన నీడలో బల్ల వేసుకుని అన్నం క్యారియరు విప్పుకుంటున్నాడు.

"మీ స్లాటు పదకొండుకండి."

"దారిలో ఆగిపోయిందండి. ఒక్కసారి చూడండి సార్, ఇప్పుడు బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు శివకృష్ణ.

ఆయన చెయ్యి కడుక్కుని నిజంగానే లేచొచ్చాడు. ఇంజను విన్నాడు. "బాగుందండి, కాదన్లేదు. కానీ కంప్యూటరు తీసుకోదు. మళ్లీ బుక్ చేసుకోండి, పది పదిహేను రోజుల్లో దొరుకుద్ది. ఆలస్యానికి కొంచెం జరిమానా పడుద్దంతే."

శివకృష్ణ తల గోక్కుంటూ తండ్రి దగ్గరికి వచ్చాడు. తాత స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"పదిహేను రోజులంట. చేద్దామా నాన్నా? ఐసు పెట్టెలు బయట పెట్టుకుంటాలే అప్పటిదాకా, పట్టా కప్పి."

తాత ఎప్పుడూ ఎరగని మెత్తదనం ఉంది ఆ గొంతులో. అడిగి, బతిమాలి, అలిగి సాధించుకోవాలనుకున్న మాట అడగకుండానే వచ్చింది.

"వద్దులేరా" అన్నాడు తాత. "తెనాలి పోనియ్యి."

"అదేంటి? నడుస్తంది కదా."

"పాయింట్ల మీద రాశా, ఆగిపోయింది. రేపు బ్రేకుల్లో రాస్తే ఆగదు."

"నేను చూసుకుంటా నాన్నా. రాయనియ్యను."

"నిన్న నువ్వు అక్కడే ఉన్నావుగా."

తాత తలుపు తీసుకుని దిగి, బండి చుట్టూ తిరిగి వచ్చి, అవతలి సీట్లో కూర్చున్నాడు. "నువ్వే తోలు. గేరు మెల్లిగా వెయ్యి, రెండోది కాస్త మొండిది."

బాపట్ల నుంచి పొన్నూరు మీదుగా తెనాలి దాకా ఆ బండి ఒక్క దగ్గు దగ్గలేదు. కొన్న రోజు కూడా అంత బాగా నడవలేదని తాతకి అనిపించింది. కిటికీలోంచి మొహానికి గాలి కొడుతుంటే, ఇంజను చప్పుడు వింటూ కూర్చున్నాడు.

పాత ఇనుం కొట్టాయన బండి సొంతంగా నడుచుకుంటూ గేట్లోకి వచ్చేసరికి బిత్తరపోయాడు.

"ఇదేంటండీ, గుర్రంలా ఉంది. దీన్నెందుకు కొట్టించేస్తన్నారు?"

శివకృష్ణ తండ్రి వైపు చూశాడు.

"మెకానిక్కు లేడయ్యా" అన్నాడు తాత.

ప్లగ్గులూ పాయింట్లూ విప్పుకుంటామంటే ఆయన సరేనన్నాడు. ఎవరికన్నా పనికొస్తాయని కోటయ్యకి ఇచ్చేద్దామని తాత ఆలోచన. విప్పింది శివకృష్ణే. నాలుగో ప్లగ్గు బయటికొచ్చాక తాత దాన్ని ఎండలోకి పట్టి చూశాడు. జిడ్డు లేదు, పొడిగా, బిస్కెట్టు రంగులో ఉంది. కొడుక్కి చూపించాడు. అందులో చూడాల్సిందేమిటో శివకృష్ణకి తెలియలేదు, అయినా "బాగుంది నాన్నా" అన్నాడు.

కొట్టు దగ్గర కోటయ్య ఆ పొట్లం తీసుకున్నాడు గానీ విప్పి చూడలేదు. ముగ్గురూ టీ తాగారు. "కళ్లజోడు మార్పించుకో బావా" అని తాత, "నువ్వు డాక్టరుకి చూపించుకో" అని కోటయ్య, ఒకళ్లకొకళ్లు చెప్పుకున్నారు. ఇద్దరూ వెళ్లరని ఇద్దరికీ తెలుసు.

సాయంత్రం రేపల్లె రైలు వేమూరు దాటుతుండగా తాత ఫోను మోగింది. రేవులో పడవ యజమాని శ్రీనివాసరావు. అప్పుడు నడిసముద్రంలో ఆగిపోయిన పడవ ఆయనదే. రెండేళ్లుగా తాతకి ఫోను చెయ్యలేదు.

"మావా, నిన్న నీ బండి చూసినోళ్లంతా ఒకటే చెప్పుకోవడం! ఈ వారం వేట తెరుస్తారు కదా. మా ఇంజను పొగ ఎక్కువ పోస్తంది. రేపొకసారి వచ్చి చెయ్యెయ్యకూడదా? మస్తానూ ఉన్నాడులే, కానీ నీ చెయ్యి వేరు."

తాత ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని, ఆ ఆఖరి మాట ఇంకోసారి వస్తుందేమోనని ఆగాడు. రాలేదు.

"మస్తాన్‌కే చెప్పు అబ్బాయ్. నేను మానేశా."

"అదేంటి మావా, నిన్ననేగా..."

"నిన్న మానలా. ఇవాళ మానేశా."

ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. ఎదుటి సీట్లో శివకృష్ణ అంతా విన్నాడు.

"పోయి చూడొచ్చుగా. పక్కన నేనుంటా."

"రేపుంటావు. ఎల్లుండి ఐసు ఎవడు కొడతాడు?"

పల్లీలు అమ్మేవాడు వస్తే శివకృష్ణ రెండు పొట్లాలు కొని, ఒకటి విప్పి తండ్రి దోసిట్లో పోశాడు. తాత ఒక్కొక్కటే వలుచుకుంటూ, ఇంటికి వెళ్లాక పుల్లమ్మకి ఈ సంగతి ఏ వైపు నుంచి మొదలుపెట్టి చెప్పాలా అని భట్టిప్రోలు దాకా ఆలోచించాడు. ఏ వైపు నుంచి మొదలుపెట్టినా ఆమె ముందే కనిపెట్టేస్తుంది. ఆ తర్వాత తిట్టదు కూడా. తాతకి అదే భయంగా ఉంది.